బాస్ లేని చోట నిర్ణయం ఎవరిది? ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఓట్లు, వీటోలు, విడిపోవడాలు

బీటెక్ మూడో ఏడాదిలో ఉండగా నా ఫోన్‌కి కంపెనీ అప్‌డేట్లు ఆపేసింది. అందరిలాగే కస్టమ్ రోమ్ వేసుకున్నా. మా మోడల్‌కి ఆ రోమ్ తయారుచేసేది ఒకే ఒక్కడు, వేరే రాష్ట్రంలో ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రాడు. ఒక రోజు గ్రూపులో మెసేజ్ పెట్టాడు: పరీక్షలు దగ్గరపడ్డాయి, ఇంక నావల్ల కాదు, ఎవరైనా తీసుకోండి అని. థ్యాంక్స్ చెప్పినవాళ్లకి లెక్కలేదు. తీసుకుంటా అన్నవాళ్లు మాత్రం సున్నా. నాకు సీ ప్లస్ ప్లస్ అంతంతమాత్రమే అయినా, ఫోన్ మీద ప్రేమ కొద్దీ నేనే తీసుకున్నా.

రెండు వారాలు తిరక్కుండానే గ్రూపులో ఒకతను పోల్ పెట్టాడు. వేరే ఫోన్‌లోని కెమెరా యాప్‌ని మన రోమ్‌లో కలపాలా వద్దా? దాదాపు అందరూ కలపమన్నారు. నేను కలపలేదు. కలిపాక వచ్చే క్రాష్‌లన్నీ రాత్రి రెండింటికి కూర్చుని సరిచేయాల్సింది నేనే కదా. "మెజారిటీ చెప్పాక కాదనడానికి నువ్వెవరు?" అని ఒకతను గట్టిగానే అడిగాడు. అప్పుడు కోపం వచ్చింది కానీ, తర్వాత ఆలోచిస్తే ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. జీతం లేదు, మేనేజర్ లేడు, "చెయ్యి" అని ఎవరూ ఎవరికీ చెప్పలేరు. మరి అలాంటి చోట నిర్ణయం ఎవరిది?

ఇది చిన్న రోమ్‌ల సమస్య మాత్రమే అనుకోకండి. మన ఫోన్లలో ఉండే లైనక్స్ కెర్నల్, సగం కాలేజీ ప్రాజెక్టులు నడిచే పైథాన్, ఉబుంటుకి పునాది అయిన డెబియన్, అన్నీ ఈ ప్రశ్న దగ్గర గట్టి దెబ్బలు తిన్నవే.

మామూలు రోజుల్లో మౌనమే అంగీకారం

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఈ ప్రాజెక్టుల్లో నూటికి తొంభై పైగా పనులకి ఓటింగ్ అనేదే ఉండదు. ఎవరో ప్యాచ్ పంపుతారు, ఆ భాగం చూసుకునే మెయింటైనర్ చదువుతాడు, బాగుంటే కలుపుతాడు. అంతే.

దీన్ని బాగా రాసిపెట్టుకున్నది అపాచీ ఫౌండేషన్. అక్కడి పద్ధతి ఏంటంటే, "నేను ఫలానా మార్పు చేస్తున్నా" అని చెప్పి కొంత టైమ్ ఇవ్వాలి. సాధారణంగా కనీసం 72 గంటలు, ఎందుకంటే అందరూ రకరకాల దేశాల్లో ఉంటారు, కొందరికి వీకెండ్‌లో మాత్రమే ఖాళీ. ఆలోపు ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఓటు వేయాల్సి వస్తే +1, 0, -1 అని వేస్తారు. మీరు ఎక్కడైనా కామెంట్లలో +1 అని చూసి ఉంటే, ఆ అలవాటు బాగా పెరిగిన చోట్లలో ఇదొకటి.

ఇందులో నాకు బాగా నచ్చిన విషయం వీటో. కోడ్ మార్పు మీద ఓటు హక్కున్న ఒక్కడు -1 వేసినా ఆ మార్పు ఆగిపోతుంది. కాకపోతే టెక్నికల్ కారణం చెప్పాలి, "నాకు నచ్చలేదు" అంటే చెల్లదు. కొత్త వెర్షన్ రిలీజ్‌కి మాత్రం వీటో పనిచేయదు. కనీసం మూడు +1లు ఉండి, -1ల కంటే +1లు ఎక్కువుంటే రిలీజ్ అయిపోతుంది. కోడ్‌లో తప్పు దూరకుండా ఆపే శక్తి ఒక్కడికైనా ఇవ్వొచ్చు, కానీ మిగతావాళ్లు చేసిన పనంతా బయటికి రాకుండా ఆపే శక్తి ఒక్కడి చేతిలో పెట్టకూడదు అన్నమాట.

వేక్‌లాక్ వెనక మూడేళ్ల గొడవ

బ్యాటరీ త్వరగా అయిపోతుంటే మనం ముందు చూసేది వేక్‌లాక్‌లు. ఫోన్ నిద్రపోకుండా యాప్‌లు, డ్రైవర్లు పట్టుకునే తాళాలు అవి. అదే కోడ్‌ని లైనక్స్ కెర్నల్‌లోకి పంపడానికి గూగుల్ ఇంజనీర్లు 2009లో ప్రయత్నించారు. కెర్నల్‌లో ఓటింగ్ లేదు. ఒక్కో విభాగానికి మెయింటైనర్లు ఉంటారు, వాళ్లు సరేనంటే కోడ్ పైకి వెళ్తుంది, చివర్లో లైనస్ టోర్వాల్డ్స్ కలుపుతాడు. పవర్ మేనేజ్‌మెంట్ చూసేవాళ్లకి ఈ డిజైన్ నచ్చలేదు. పేరు మార్చి, రూపం మార్చి మళ్లీ మళ్లీ పంపారు. వందలకొద్దీ మెయిల్స్ నడిచాయి, తేలలేదు.

ఈలోగా ఇంకో సంగతి జరిగింది. ప్రయోగాత్మక విభాగంలో ఉన్న ఆండ్రాయిడ్ డ్రైవర్లని 2010లో వచ్చిన 2.6.33 కెర్నల్ నుంచి తీసేశారు. వాటిని మెయిన్ కెర్నల్‌కి తగ్గట్టు మలిచే బాధ్యత ఎవరూ తీసుకోలేదన్నది ప్రధాన కారణం. ఆండ్రాయిడ్ ఫోన్లు దుకాణాల్లో వేడివేడి పకోడీల్లా అమ్ముడవుతున్న రోజులవి! గూగుల్ అంత పెద్ద కంపెనీ అయినా "మేం ఇన్ని ఫోన్లు అమ్ముతున్నాం, కలపండి" అంటే అక్కడ చెల్లలేదు. అలాగని గూగుల్ కూడా ఆగలేదు, తన కాపీలో తన వేక్‌లాక్‌లతోనే ఫోన్లు తెచ్చింది.

రెండేళ్ల తర్వాత, 2012 మార్చిలో వచ్చిన 3.3 కెర్నల్‌లోకి ఆండ్రాయిడ్ కోడ్ తిరిగొచ్చింది. అదే ఏడాది 3.5లో వేక్‌లాక్ పని చేసిపెట్టే వేరే డిజైన్ కలిసింది. దాన్ని రాసింది గూగుల్ మనిషి కాదు, రఫాయెల్ వైసోకీ అనే పవర్ మేనేజ్‌మెంట్ మెయింటైనర్. అంటే వాదనలో ఎవరో గెలిచి తేలలేదు. ఒకరు కూర్చుని ఇద్దరికీ పనికొచ్చే కోడ్ రాస్తే తేలింది. కెర్నల్ పని చేసేవాళ్లలో ఎక్కువమందికి ఈ రోజు కంపెనీలే జీతాలు ఇస్తున్నాయి, అయినా ఆ జీతమిచ్చే బాస్ మాట మెయింటైనర్ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

ఓటుకి రాజ్యాంగం రాసుకున్న డెబియన్

ఒక్క లైనస్ లాంటి మనిషి లేని చోట ఏం చేస్తారు? దీనికి డెబియన్ చెప్పిన జవాబు అన్నిటికంటే వివరంగా ఉంటుంది, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్‌కి 1998 నుంచి ఒక రాజ్యాంగం ఉంది. నిజంగానే ఆ పేరుతోనే. ఓటు హక్కున్న డెవలపర్లు సుమారు వెయ్యి మంది. ఏటా నాయకుడిని ఎన్నుకుంటారు. టెక్నికల్ తగాదాలు తీర్చడానికి ఒక కమిటీ ఉంటుంది. అందరి మీదా పెద్ద అధికారం మాత్రం డెవలపర్ల సాధారణ తీర్మానానిది.

ఆ రాజ్యాంగంలో ముందే ఒక నియమం ఉంటుంది. ఇందులో ఏదీ ఎవరినీ పని చేయమని బలవంతం చేయదు, అప్పగించిన పని ఇష్టం లేకపోతే చేయక్కర్లేదు, కానీ సరైన పద్ధతిలో తీసుకున్న నిర్ణయాన్ని కావాలని చెడగొట్టకూడదు. నా గ్రూపులో ఆ రోజు నాకు తట్టని జవాబు ఇదే! ఓటు వేసి "ఇది జరగాలి" అనొచ్చు. "నువ్వు చెయ్యి" అనలేరు. కమిటీ కూడా ఒక డెవలపర్ నిర్ణయాన్ని కొట్టేయాలంటే ఒకటికి మూడు వంతుల మెజారిటీ కావాలి. పని చేసేవాడి మాటకి అంత బరువు ఇచ్చారు.

ఇప్పుడు ఓటు లెక్క చూద్దాం. ఇది అర్థమైతే సగం ఆర్టికల్ అయిపోయినట్టే.

గోవానా, హంపీనా, అరకా?

తొమ్మిది మంది ఫ్రెండ్స్ ట్రిప్‌కి వెళ్లాలి. నలుగురి లిస్ట్ గోవా, అరకు, హంపి. ముగ్గురిది హంపి, అరకు, గోవా. మిగతా ఇద్దరిది అరకు, హంపి, గోవా. మామూలు పోల్ పెడితే నాలుగు ఓట్లతో గోవా గెలుస్తుంది. కానీ మిగతా ఐదుగురికీ గోవా అన్నిటికంటే ఆఖరిది.

డెబియన్‌లో అందరూ ఇలా వరసగా ర్యాంకులు ఇస్తారు. తర్వాత రెండేసి ఆప్షన్లని పక్కపక్కన పెట్టి పోలుస్తారు. అరకు, గోవాల్లో అరకుని ముందు పెట్టినవాళ్లు ఐదుగురు, గోవాని పెట్టినవాళ్లు నలుగురు. అరకు, హంపిల్లో అరకుకి ఆరు, హంపికి మూడు. ఎవరితో పోల్చినా అరకే గెలిచింది, మొదటి ర్యాంకులు రెండే వచ్చినా సరే. దీన్ని కాండోర్సే పద్ధతి అంటారు. అప్పుడప్పుడు ఒకదాన్ని ఒకటి ఓడిస్తూ చక్రంలా తిరిగే ఫలితం కూడా రావొచ్చు, అప్పుడు బలహీనమైన గెలుపుని పక్కన పెట్టి తేల్చడానికి షుల్జె అనే ఆయన పేరు మీద ఒక పద్ధతి ఉంది. 2003 నుంచి డెబియన్ దాన్నే వాడుతోంది.

అసలు కిటుకు ఇంకోటి ఉంది. బ్యాలెట్‌లో ఎప్పుడూ ఒక అదనపు ఆప్షన్ ఉంటుంది. తీర్మానాల్లో దాన్ని చాలాకాలం "ఇంకా చర్చించాలి" అనేవాళ్లు, ఇప్పుడు "ఇవేవీ కాదు" అంటున్నారు. మన ట్రిప్‌లో ఆ ఐదుగురు గోవాని "ఎక్కడికీ వద్దు" కంటే కింద పెట్టారనుకోండి. గోవా పోటీలోంచే తప్పుకుంటుంది. మీకు ఏది ఇష్టం అని మాత్రమే కాదు, దేన్ని అసలు భరించలేరు అని కూడా ఓటు అడుగుతోంది. ఎవరి నోరూ కట్టేయలేని, ఎవరైనా రేపే వెళ్లిపోగల ప్రాజెక్టులో రెండో ప్రశ్నే ముఖ్యం అని నా అభిప్రాయం.

కోరం చూస్తే ఇంకా ఆశ్చర్యం. డెవలపర్ల సంఖ్యకి వర్గమూలం తీసి, అందులో సగానికి మూడు రెట్లు. వెయ్యి మంది ఉంటే 48 మంది ఆ ఆప్షన్‌ని "ఇవేవీ కాదు" కంటే పైన పెడితే చాలు. సగం మంది రావాలని పెడితే ఒక్క ఓటింగ్ కూడా పూర్తికాదు, ఖాళీ టైమ్‌లో పనిచేసేవాళ్లు కదా!

నాలుగు నాలుగుతో ఆగిన కమిటీ

ఇంత జాగ్రత్తగా రాసుకున్నాక గొడవలు రావు అనుకుంటాం. 2013లో వచ్చింది. కంప్యూటర్ ఆన్ చేయగానే కెర్నల్ తర్వాత మొదట లేచే ప్రోగ్రామ్ ఏది ఉండాలి? ఇదీ ప్రశ్న. పాతకాలపు సిస్‌వీ ఇనిట్ స్థానంలో సిస్టమ్‌డీ పెట్టాలా, ఉబుంటు తయారుచేసే కెనానికల్ కంపెనీ రాసిన అప్‌స్టార్ట్ పెట్టాలా? బయటి నుంచి చూస్తే దీనికింత గొడవా అనిపిస్తుంది. కానీ మిగతా ప్రోగ్రామ్‌లన్నిటినీ లేపేది అదే. అదొకటి మారితే వందలాది ప్యాకేజీలు చూసుకునేవాళ్ల పని మారుతుంది. సిస్టమ్‌డీ చాలా పనులు తన చేతిలోకే తీసుకుంటుందని, యూనిక్స్ పద్ధతికే అది విరుద్ధమని ఒక వర్గం గట్టిగా నమ్మింది.

వ్యవహారం టెక్నికల్ కమిటీకి వెళ్లింది. ఎనిమిది మంది సభ్యులు. బ్యాలెట్‌లో ప్రశ్న ఎలా రాయాలన్న దాని మీదే వారాల తరబడి వాదన. చివరికి ఓటు వేస్తే నలుగురు ఇటు, నలుగురు అటు. 2014 ఫిబ్రవరి 11న కమిటీ చైర్మన్ బడేల్ గార్బీ తన నిర్ణాయక ఓటు వాడి సిస్టమ్‌డీ అన్నాడు. మూడు రోజులకే ఉబుంటు వ్యవస్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ మేం కూడా డెబియన్ దారిలోనే సిస్టమ్‌డీకి మారతాం అని ప్రకటించాడు. ఓడిన పక్షం అంత హుందాగా ఒప్పుకోవడం టెక్ ప్రపంచంలో తక్కువ.

డెబియన్ లోపల మాత్రం అంత సాఫీగా సాగలేదు. నిబంధన ప్రకారం అంతా సరిగ్గానే జరిగింది, కానీ సగం సగంగా చీలిన కమిటీలో ఒక్క ఓటుతో తేలిన నిర్ణయాన్ని ఓడినవాళ్లు మనసులో ఒప్పుకోవడం కష్టం. నవంబర్‌లో మళ్లీ సాధారణ తీర్మానం పెట్టారు: ప్యాకేజీలు ఒకే ఇనిట్ సిస్టమ్ మీద ఆధారపడొచ్చా, కూడదా? అందులో గెలిచిన ఆప్షన్ ఏంటో తెలుసా? "ఈ విషయం మీద తీర్మానం అవసరం లేదు" అన్నది! ఓటు వేసి మరీ, ఓటు అక్కర్లేదని చెప్పారు. నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత అర్థమైంది, అలసిపోయిన మనుషులు మమ్మల్ని పని చేసుకోనివ్వండి అంటున్నారని.

అప్పటికే నష్టం జరిగింది. ఆ నెలలోనే కమిటీ నుంచి ముగ్గురు తప్పుకున్నారు. అందరి కారణాలూ ఒకటే కాదు, కానీ ఆ తీర్మానం పెట్టిన ఇయాన్ జాక్సన్ వాళ్లలో ఒకరు. డెబియన్ ఇన్‌స్టాలర్‌కి మూలపురుషుల్లో ఒకడైన జోయీ హెస్ ప్రాజెక్టే వదిలేశాడు. వెళ్తూ వెళ్తూ రాజ్యాంగాన్నే తప్పుపట్టాడు. ఇంకో గుంపు విడిపోయి సిస్టమ్‌డీ లేని డెబియన్‌ని డెవువాన్ పేరుతో మొదలుపెట్టింది. దాని మొదటి స్టేబుల్ వెర్షన్ 2017లో వచ్చింది, ఇప్పటికీ నడుస్తోంది.

2019 డిసెంబర్‌లో అదే ప్రశ్న మళ్లీ ఓటుకొచ్చింది. ఈసారి ఒక్కటి, రెండు కాదు, ఏడు ప్రతిపాదనలు. గట్టి సిస్టమ్‌డీ వాదం నుంచి గట్టి వ్యతిరేకత వరకు అన్ని మెట్లూ ఉన్నాయి. గెలిచింది మధ్యస్తంగా ఉన్నది: సిస్టమ్‌డీనే వాడతాం, వేరేవి ప్రయత్నించేవాళ్లకి మద్దతిస్తాం. 2014లో లేని ఒక నేర్పు ఇక్కడ కనిపిస్తుంది. మన ట్రిప్‌లో అరకు లాంటి ఆప్షన్ బ్యాలెట్‌లో లేకపోతే, ఎంత గొప్ప లెక్కింపు పద్ధతి ఉన్నా అరకు గెలవదు కదా.

మంచి ఉదాహరణ కూడా చెప్పాలి. పాత డెబియన్‌ని లాప్‌టాప్‌లో వేసినవాళ్లకి తెలుసు, ఇన్‌స్టాల్ మధ్యలో వైఫై పనిచేయదు. ఫర్మ్‌వేర్ ఫ్రీ సాఫ్ట్‌వేర్ కాదు కాబట్టి అధికారిక ఇన్‌స్టాలర్‌లో పెట్టేవాళ్లు కాదు. సిద్ధాంతం ముఖ్యమా, కొత్తగా వచ్చేవాడి వైఫై ముఖ్యమా? 2022లో దీని మీద ఓటు వేశారు. డెబియన్ ఇచ్చిన మూల హామీలనే సవరించాలి కాబట్టి ఒకటికి మూడు వంతుల మద్దతు అవసరమైంది, వచ్చింది. 2023 జూన్‌లో విడుదలైన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది. ఎవరూ విడిపోయి కొత్త దుకాణం పెట్టలేదు.

చివరి మాట చెప్పేవాడు అలసిపోతే?

ఇంత తతంగం ఎందుకు, ఒక్కడే ఫైనల్ చేస్తే పోలా అంటారా? పైథాన్ దాదాపు ముప్పై ఏళ్లు అలాగే నడిచింది. సృష్టికర్త గిడో వాన్ రాసమ్ మాటే చివరి మాట. 2018లో := అనే గుర్తు తేవాలన్న ప్రతిపాదన వచ్చింది. పక్కకి తిప్పి చూస్తే వాల్రస్ మొహంలా ఉంటుందని దానికా పేరు. ఎక్స్‌ప్రెషన్ మధ్యలోనే వేరియబుల్‌కి విలువ ఇవ్వడం, అంతే దాని పని. ఇంత చిన్న గుర్తు మీద నెలల తరబడి కొట్టుకున్నారు. గిడో దాన్ని ఆమోదించాడు, జులై 12న పదవి వదిలేశాడు. ఒక్క ప్రతిపాదన కోసం ఇంత పోరాడి, ఇంతమంది ద్వేషం మూటకట్టుకోవడం ఇంక నావల్ల కాదన్నది ఆయన మాటల సారం. వారసుడి పేరు కూడా చెప్పలేదు, మీరే తేల్చుకోండి అన్నాడు.

ఇక్కడో చిక్కు. ఎలా నిర్ణయించాలో నిర్ణయించడానికి ముందు ఒక పద్ధతి కావాలి! దానికే ఒక పత్రం రాసుకుని, ఏడు పాలనా నమూనాలు పెట్టి, డిసెంబర్‌లో కాండోర్సే పద్ధతిలో ఓటు వేశారు. ఐదుగురు సభ్యుల స్టీరింగ్ కౌన్సిల్ గెలిచింది. ఒకే కంపెనీలో పనిచేసేవాళ్లు ఇద్దరికి మించి అందులో ఉండకూడదు. అధికారాలు చాలా ఇచ్చారు, కానీ వీలైనంత తక్కువ వాడమని కూడా రాశారు. 2019 మొదట్లో జరిగిన తొలి ఎన్నికలో గిడో కూడా గెలిచాడు, ఐదుగురిలో ఒకడిగా. వాల్రస్ గుర్తు పైథాన్ 3.8లో వచ్చేసింది. ఇప్పుడు అందరూ మామూలుగా వాడేస్తున్నారు, దాని కోసం ఒక పదవి పోయిందని చాలామందికి తెలీదు.

తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, ఇల్లు మాత్రం మీది కాదు

ఈ కథలన్నిటి వెనకా ఉన్న అసలు శక్తి ఫోర్క్. నచ్చకపోతే కోడ్ కాపీ చేసుకుని వెళ్లిపోవచ్చు. ఆ భయం ఉండబట్టే పైనున్నవాళ్లు కింది మాట వింటారు. కానీ ఫోర్క్ అంత చవకా? మన కస్టమ్ రోమ్‌ల ప్రపంచమే చూడండి. 2009లో మొదలైన సయనోజెన్‌మాడ్ పెద్ద వాలంటీర్ ప్రాజెక్టు. తర్వాత దాని చుట్టూ కంపెనీ వచ్చింది. 2016 డిసెంబర్‌లో ఆ కంపెనీ నెలాఖరుకి సర్వర్లు ఆపేస్తున్నాం అని ప్రకటించింది. కోడ్ అందరిదే, ఎవరూ లాక్కోలేరు. పేరు, సర్వర్లు మాత్రం కంపెనీవి. ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకి ఆ నిర్ణయంలో ఓటు లేదు. వాళ్లు అదే కోడ్‌తో లినియేజ్ ఓఎస్ మొదలుపెట్టారు. పేరు కొత్తది, డౌన్‌లోడ్ సర్వర్లు కొత్తవి, అన్నీ మొదటి నుంచి పేర్చుకోవాల్సి వచ్చింది. అందుకే ఏదైనా ప్రాజెక్టులో చేరేముందు కోడ్ లైసెన్స్ ఒక్కటే కాదు, పేరు ఎవరి చేతిలో ఉంది, సర్వర్ బిల్లు ఎవరు కడుతున్నారు అని కూడా చూడమంటాను.

లినియేజ్‌లో ఈ రోజుకీ ఒక ఫోన్‌కి అధికారిక బిల్డ్ రావాలంటే దానికో మెయింటైనర్ ఉండాలి. మనిషి లేకపోతే ఆ ఫోన్ లిస్ట్‌లోంచి పోతుంది. ఆ ఫోన్ వాడేవాళ్లు ఎంతమంది ఉన్నా సరే.

నా రోమ్ సంగతికొస్తే, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు మొదలయ్యాక నేనూ అదే మెసేజ్ పెట్టా, ఎవరైనా తీసుకోండి అని. ఈసారి ఒకతను తీసుకున్నాడు. పోల్ పెట్టింది అతనే. మొదటి బిల్డ్‌లోనే ఆ కెమెరా యాప్ కలిపాడు. రోజూ క్రాష్ అవుతుందని నేను బెట్ కట్టినంత పనిచేశా. స్లో మోషన్ ఒక్కటి తప్ప అన్నీ బానే పనిచేశాయి.